మీ ప్రశ్న – మా జవాబు: పాత చెక్క కిటికీల బాగోగులు

వానలు వెనకబట్టే సరికి కిటికీల మీద ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఏడింటికి ఇక్కడ జవాబులు. చాలామంది చివర్లో ఒకే మాట అడిగారు: "వీటిని పీకేసి అల్యూమినియం పెట్టించుకోమంటున్నారు, ఏం చేయమంటారు?" చేవ ఉన్న పాత టేకు, వేగిస కిటికీలను పీకించకండి. ఇప్పుడు బజార్లో దొరికే తోట టేకులో ఎక్కువ భాగం అంత చేవ పట్టకముందే కొట్టిన చెట్ల చెక్క. పాత కిటికీలో చెడిపోయేది సాధారణంగా అడుగున ఒక జానెడు మేర. ఆ జానెడును బాగుచేసుకునే దారి ఉంది.

ప్ర: మాది కర్నూలు పాతబస్తీలో తాతల నాటి ఇల్లు. టేకు కిటికీలు, ఒక్కోదానికి రెండు రెక్కలు. వానలు పడితే రెక్కలు బిగుసుకుపోయి గుద్ది మూయాల్సి వస్తోంది. ఎండాకాలంలో మళ్లీ వదులవుతాయి. 2009 వరదలో ఇవి సగం దాకా నీళ్లలో ఉన్నాయి. అంచులు పావు అంగుళం చిత్రిక పడతానని వడ్రంగి అంటున్నాడు. పట్టించమంటారా?

జ: ఇప్పుడు వద్దు. తేమకు ఉబ్బి ఉన్న చెక్కను చిత్రిక పడితే ఏప్రిల్‌లో ఆ సందులోంచి దుమ్ము, బల్లులు, చీమలు అన్నీ లోపలికే. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం కదులుతుంది. కదలిక తక్కువని పేరున్న టేకులో కూడా మూడంగుళాల నిలువు పట్టీ ఎండకూ వానకూ మధ్య ముప్పాతిక మిల్లీమీటరు దాకా తేడా చూపిస్తుంది. రెండు రెక్కలకు నాలుగు నిలువు పట్టీలు. అన్నీ కలిస్తే మూడు మిల్లీమీటర్లకు దగ్గర. మీ రెక్కలు బిగుసుకునేది ఆ మూడు మిల్లీమీటర్ల దగ్గరే, పావు అంగుళం దగ్గర కాదు.

ముందు ఎక్కడ తగులుతోందో పట్టుకోండి. చట్రం అంచుకు సుద్దముక్క రుద్ది, రెక్క మూసి, మళ్లీ తెరవండి. రెక్క మీద సుద్ద అంటిన చోటే రాపిడి. సుద్ద అంచు పొడవునా సమంగా అంటితే అది ఉబ్బు, లేదా ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి వేసిన రంగు. బందులకు ఎదుటి వైపు కింది మూలలో మాత్రమే అంటితే రెక్క వాలిపోయిందన్నమాట. అప్పుడు చిత్రిక పట్టినా లాభం లేదు, ఆరు నెలల్లో ఇంకాస్త వాలుతుంది.

వాలిన రెక్కకు ముందు బందుల స్క్రూలు చూడండి. తిప్పితే బిగియకుండా ఊరికే తిరుగుతుంటే బెజ్జం అరిగిపోయింది. స్క్రూ తీసి, వెదురు పుల్లను బెజ్జానికి సరిపడా చెక్కి, ఫెవికాల్‌లో ముంచి దిగ్గొట్టండి. ఒక రోజంతా ఆరనిచ్చి, పైకి మిగిలింది ఉలితో కోసేసి, 2 మిల్లీమీటర్ల బిట్‌తో కొత్త బెజ్జం వేసి, పాతదానికంటే పావు అంగుళం పొడుగు స్క్రూ ఎక్కించండి. అగ్గిపుల్లలు కుక్కితే ఏడాది కూడా ఆగవు.

బందులు గట్టిగా ఉండీ రెక్క వాలిందంటే మూలల అతుకులు వదిలాయి. వరద నీళ్లలో మునిగిన కిటికీలకు ఎక్కువగా జరిగేది ఇదే. పాతకాలపు బంక నీటికి కరిగిపోతుంది, తర్వాత అతుకును పట్టి ఉంచేది రంగు ఒక్కటే. రెక్కను దించి బల్ల మీద పరిచి మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పెట్టండి. రెండు కొలతలకూ 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే మూలలు వదిలినట్టే. అద్దం ఉంటే ముందు అద్దం తీసేయాలి. అతుకులోని చెక్క మేకును వెనకనుంచి తట్టి బయటికి తీసి, బెజ్జంలో ఎండి కూర్చున్న ఒండ్రుమట్టినీ పాత బంకనూ సన్న ఉలితో పూర్తిగా గీకి, నీటికి తట్టుకునే రకం బంక పూసి మళ్లీ కూర్చండి. పెద్ద క్లాంపు లేకపోతే రెక్క చుట్టూ రెండు పేటల తాడు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెడుతూ బిగించవచ్చు. తాడు చెక్కలో దిగకుండా మూలల్లో గోనెగుడ్డ మడిచి పెట్టండి. బిగించాక టేపు మళ్లీ పెట్టి రెండు కొలతలూ ఒకటయ్యాకే కొత్త వెదురు మేకు కొట్టాలి. ముందే కొడితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది.

వాలడం లేదు, వట్టి ఉబ్బే అని తేలితే ఫిబ్రవరి దాకా ఆగండి. అప్పుడు రెక్క దించి అంచుల మీది పాత రంగును చెక్క కనిపించేదాకా తీయించండి. సగం ఇళ్లలో దీంతోనే సరిపోతుంది. ఇంకా తగిలితే తగిలినంత మేరే చిత్రిక, రంగు వేశాక చుట్టూ 2 మిల్లీమీటర్ల సందు మిగిలేలా. ఆ తర్వాత రెక్క అడుగు అంచుకూ నెత్తి అంచుకూ రెండు పూతల రంగు తప్పకుండా వేయించండి. కంటికి కనపడవని పెయింటర్లు వీటిని వదిలేస్తారు. నిలువు పట్టీల కోసిన కొనలు ఉండేది అక్కడే, చెక్క నీళ్లు తాగేదీ ఆ కొనల్లోంచే. అంచులు జారడానికి కొవ్వొత్తి రుద్దండి. సబ్బు రుద్దకండి, అది గాలిలో తేమను లాగుతుంది.

ప్ర: కడపలో మేం కొన్న పాత బంగళాలో రెండు కిటికీలు రెక్కలు తెరిచేవి కావు, పైకీ కిందికీ జరిగేవి. ఒకదాని కింది రెక్క ఎత్తితే ఆగకుండా ధబేల్న పడిపోతోంది. ఇంకోటి వంకరగా ఇరుక్కుంది. వీటిని చూసిన వడ్రంగులు ఎవరూ లేరు. మేమే చేసుకోవచ్చా?

జ: చేసుకోవచ్చు, ఇద్దరు ఉండాలి. అంతవరకు కింది రెక్క కింద ఒక కర్ర నిలబెట్టి ఉంచండి. వేళ్ల మీద పడితే ఎముక విరుగుతుంది.

ఇవి సాష్ కిటికీలు, ఇంగ్లీషు వాళ్ల పద్ధతి. రెండు రెక్కలు ముందొకటి వెనకొకటి. కింది రెక్క గది వైపు, పై రెక్క వీధి వైపు జరుగుతాయి. చట్రానికి రెండు పక్కలా గుల్లగా ఉండే పెట్టెలున్నాయి. ఒక్కో రెక్క నుంచి రెండు తాళ్లు బయల్దేరి పైనున్న కప్పీల మీదుగా ఆ పెట్టెల్లోకి దిగుతాయి. తాడు కొసన పొడుగాటి ఇనుప గుండు. బావిలో చేద తోడే సూత్రమే. గుండ్ల బరువు రెక్క బరువుకు సరితూగితే రెక్క ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. ఒక తాడు తెగితే రెక్క వంకర తిరిగి ఇరుక్కుంటుంది, రెండూ తెగితే పడిపోతుంది. మీ రెండు కిటికీల జబ్బూ ఒకటే.

గది వైపు రెక్కను పట్టి ఉంచే నిలువు పట్టీని ముందు తీయాలి. పట్టీకీ చట్రానికీ మధ్య రంగును కత్తితో కోయండి. కోయకుండా పీకితే రంగుతోపాటు చెక్క పెచ్చు లేస్తుంది. వెడల్పు ఉలిని పట్టీ నడిమధ్యలో దూర్చి నెమ్మదిగా విల్లులా వంచితే కొనలు వాటంతటవే ఊడతాయి. ఒక వైపు పట్టీ తీస్తే చాలు, కింది రెక్క గదిలోకి వస్తుంది. తాడు తెగకుండా ఉన్న వైపు దాన్ని వదిలేయకండి, గుండు పెట్టెలో పడిపోతుంది. కప్పీ దగ్గరే ముడి వేసి, ఆ తర్వాత రెక్క పక్క గాడిలోని మేకులు తీయండి. రెండు రెక్కల మధ్య చట్రం గాడిలో ఇంకో సన్నపట్టీ ఉంటుంది. అది విరగడం మామూలే కాబట్టి అదే మందంలో టేకు పట్టీ ముందుగా కోయించి పెట్టుకోండి. అది తీస్తే పై రెక్క వస్తుంది.

ఇప్పుడు గుండ్లు. చట్రం పక్క పలక అడుగు భాగంలో జానెడుకు పైగా పొడవున్న చిన్న మూత ఉంటుంది. రంగు కింద దాగి ఉండటంతో చాలామందికి దొరకదు. చేత్తో తడిమితే సన్నటి గీత తెలుస్తుంది. దాన్ని తీసి గుండ్లు బయటికి తీయండి. లోపల కందిరీగల మట్టిగూళ్లు, చెత్త ఉంటే ఊడ్చేయండి. రెండు గుండ్ల మధ్య వేలాడే పలుచటి చెక్క ఉంటే దాన్ని మాత్రం తీయకండి, గుండ్లు ఒకదానికొకటి చిక్కుకోకుండా ఆపేది అదే.

రెక్కను అద్దంతో సహా తూకం వేయించండి. ఉదాహరణకు 14 కిలోలు ఉందనుకుందాం. పై రెక్క అయితే గుండ్లు కొంచెం బరువుగా ఒక్కోటి 7 కిలోల 250 గ్రాములు, కింది రెక్క అయితే కొంచెం తేలిగ్గా 6 కిలోల 750 గ్రాములు ఉండాలి. అప్పుడే పైది పైకీ కిందిది కిందికీ ఆని గట్టిగా మూసుకుంటాయి. మధ్యలో ఎవరైనా అద్దం మార్చి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. 3 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు, 4 మిల్లీమీటర్లది పది కిలోలు. తక్కువైన బరువుకు గుండు మీద ఇనుప వాషర్లు తొడగవచ్చు.

తాడు 6 మిల్లీమీటర్ల అల్లిక నూలుతాడు తీసుకోండి. నైలాన్ వద్దు, సాగుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. తెగింది ఒకటే అయినా నాలుగూ మార్చండి, మిగతా మూడింటి వయసూ అంతే కదా. సన్న దారానికి వంచిన మేకు కట్టి కప్పీ మీదుగా పెట్టెలోకి వదలండి, బరువుకు దిగుతుంది. దారం రెండో కొసకు కొత్త తాడు కట్టి మూత దగ్గర నుంచి లాగి గుండుకు ముడి వేయండి. పొడవు విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. రెక్కను పూర్తిగా పైకి ఎత్తినప్పుడు గుండు పెట్టె అడుగుకు రెండంగుళాల ఎత్తులో వేలాడాలి. తాడు కొత్తలో కాస్త సాగుతుంది. ఆ రెండంగుళాలు లేకపోతే గుండు నేలకు ఆని రెక్క పై వరకు ఎక్కడం మానేస్తుంది.

తాడును రెక్క గాడిలో మేకులతో కొట్టేటప్పుడు జరిగే తప్పు ఇంకొకటుంది. చట్రం నెత్తి నుంచి కప్పీ ఇరుసు దాకా ఉన్న దూరం కొలిచి, రెక్క పై అంచు నుంచి అంతే దూరంలో పక్కన గీత గీయండి. ఆ గీతకు పైన ఒక్క మేకు కూడా కొట్టకూడదు. కొడితే ఆ మేకు కప్పీ దగ్గరే ఆగి రెక్క అంతవరకే ఎక్కుతుంది. మేకులు అంగుళం మించకూడదు, అద్దానికి తగులుతాయి. కప్పీల మీది రంగు గీకి ఇరుసుకు కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి. తాడుకు మాత్రం నూనె గానీ రంగు గానీ తగలనివ్వకండి. రంగు అంటిన తాడు కర్రలా బిగిసి, కప్పీ మీద వంగే చోటే తెగుతుంది.

ప్ర: అనంతపురంలో మా ఇంటి పడమటి కిటికీలకు అద్దాల చుట్టూ లప్పం రెండేళ్లకే పగిలి రాలుతోంది. గాలి వీస్తే అద్దాలు గడగడలాడతాయి. వార్నిష్ కూడా పొరలు పొరలుగా లేస్తోంది.

జ: లప్పం పగలడానికి కారణం ఎండ ఒక్కటే కాదు. ఎండి గుల్లబారిన చెక్క మీద నేరుగా లప్పం పెడితే అందులోని నూనెను చెక్క పీల్చేస్తుంది. మిగిలేది సుద్ద. అందుకే పాత లప్పం తీశాక గాడికి వుడ్ ప్రైమర్ పల్చగా పూసి ఒక రోజు ఆరనివ్వాలి. మీ పెయింటర్ ఈ ఒక్క పని చేయకుండానే లప్పం పెట్టి ఉంటాడు.

లప్పం ఇంట్లోనే కలుపుకోవచ్చు. కిలో చాక్‌పౌడర్‌ను జల్లెడ పట్టి, కాచిన అవిసె నూనె 170 నుంచి 200 మిల్లీలీటర్ల దాకా కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా పిసకండి. చేతికి అంటుకుంటే పొడి కలపండి, చిట్లితే నూనె. తడిగుడ్డలో చుట్టి ఒక రాత్రి ఉంచితే సాగుడు వస్తుంది. అద్దాన్ని గాడి కొలత కంటే పొడవులో 3, వెడల్పులో 3 మిల్లీమీటర్లు తగ్గించి కోయించండి. ముందు గాడిలో 2 మిల్లీమీటర్ల లప్పం పరిచి దానిమీద అద్దాన్ని అంచుల దగ్గర వేళ్లతో నొక్కాలి, నడిమధ్య నొక్కితే పగులుతుంది. గడగడలాడటం ఆగేది ఈ అడుగు పొరతోనే. జానెడుకొక సన్నమేకు కొట్టి, పైన ఏటవాలుగా లప్పం తీర్చండి. పది రోజులు ఆగి రంగు వేసేటప్పుడు బ్రష్‌ను అద్దం మీదికి 2 మిల్లీమీటర్లు పోనివ్వండి. లప్పానికీ అద్దానికీ మధ్య వాననీరు దిగకుండా ఆ సన్నగీత అడ్డుకుంటుంది.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. మన ఎండలకు తోడు ఉండలోపల వేడి చేరితే నిప్పు లేకుండానే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

వార్నిష్ గురించి: పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఎండ దాన్ని దాటి చెక్కనే మాడ్చేస్తుంది. పై పొర పట్టు వదిలేసరికి వార్నిష్ పెచ్చులూడుతుంది. పడమటి వైపు లేతరంగు ఎనామిల్ వేయించండి. టేకు కనిపించాల్సిందే అంటే ఏటా వేసవికి ముందు ఒక పూతకు సిద్ధపడాలి.

ప్ర: ప్రొద్దుటూరు. కిటికీ చట్రం అడుగు పట్టీ బయటివైపు మెత్తబడి, గోరుతో గీరితే ఊడొస్తోంది. కింద కడప బండ ఉంది. మేస్త్రీ సిమెంటు పూసేద్దామంటున్నాడు.

జ: సిమెంటు వద్దు. చెక్క కదులుతుంది, సిమెంటు కదలదు. ఆరు నెలల్లో మధ్యలో వెంట్రుక మందం బీట పడుతుంది. అందులోకి దిగిన నీరు మళ్లీ బయటికి రాలేక లోపలే కూర్చుంటుంది. ఇప్పుడు మీ చట్రం చెడిపోయింది కూడా బహుశా ఎప్పుడో చట్రం మొదట్లో పూసిన సిమెంటు వల్లే.

ముందు బండను చూడండి. దానిమీద చెంబుడు నీళ్లు పోయండి. నీళ్లు వీధివైపు పారాలి. నిలిచినా, చట్రం వైపు వచ్చినా అక్కడే రోగం. ఆరంగుళాల బండకు అర అంగుళానికి పైగా బయటికి వాలు ఉండాలి. గోడ దాటి ముందుకొచ్చిన బండ అంచు అడుగున, కొస నుంచి ముప్పాతిక అంగుళం లోపలగా గ్రైండర్‌తో చిన్న గాడి కోయించండి. నీటిచుక్క బండ కిందుగా గోడకు పాకకుండా ఆ గాడి దగ్గరే రాలిపోతుంది. కడప బండ పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి గాడి పావు అంగుళం లోతు మించకూడదు, అంచు ఊడుతుంది.

తర్వాత చెక్క. స్క్రూడ్రైవర్ కొనతో గుచ్చుతూ పోండి, ఎక్కడ గట్టిగా ఆగుతుందో అక్కడి నుంచి ఇంకో రెండంగుళాలు దాటి గీత గీయండి. చెడిన భాగాన్ని ఆ గీత దగ్గర ఏటవాలుగా కోయాలి, నిటారుగా కోస్తే అతుకు బలం చాలదు. ఏటవాలు పొడవు చెక్క మందానికి కనీసం రెండింతలు ఉండాలి. పై నుంచి వచ్చే నీరు అతుకులో దిగకుండా బయటికి జారే దిశలో కోత పెట్టాలి. కొత్త ముక్కను పాత ఇళ్లు పడగొట్టిన కలప అమ్మే చోట కొనండి, ఎండి నిలకడకు వచ్చిన చెక్క అక్కడే దొరుకుతుంది. చార పాతదాని దిశలోనే ఉండాలి. నీటికి తట్టుకునే బంక, రెండు ఇత్తడి స్క్రూలు, స్క్రూ తలల మీద చెక్క బిళ్లలు. ముక్క అడుగునా కొనలకూ అతికించకముందే ప్రైమర్ పూయండి, అతికించాక అక్కడికి బ్రష్ పోదు. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్ద గది వైపు సన్న బీటలకు సరిపోతుంది, వానకు తగిలే చోట పనికిరాదు.

ప్ర: ఆదోనిలో మా వేపచెక్క కిటికీలో సన్నటి పొడి రాలుతోంది. చెదలేనా? కిరసనాయిలు పూస్తున్నాం.

జ: పొడి కుప్పగా రాలుతూ, చెక్క మీద ఆవగింజంత గుండ్రటి బెజ్జాలుంటే అది పుచ్చుపురుగు. నేలలోంచి వచ్చే మామూలు చెద ఇలా పొడి రాల్చదు. గోడ మీదుగా మట్టి దారి కట్టుకుని వచ్చి చెక్కను లోపలే తిని పై పొర వదిలేస్తుంది, తడితే గుల్ల శబ్దం వస్తుంది. మీరు చెప్పింది పుచ్చుపురుగులాగే ఉంది. అది ఎక్కువగా చేవ లేని తెల్లచెక్కనే తింటుంది.

కిరసనాయిలు ఆవిరై పోతుంది, ఏమీ మిగలదు. లీటరు వేడినీటిలో వెలిగారం 60 గ్రాములు, బోరిక్ పౌడర్ 40 గ్రాములు కరిగించండి. రంగు ఉన్న చోట ఇంకదు కాబట్టి గీకి, ఒక రోజు తేడాతో రెండుసార్లు పూయండి. బెజ్జాల్లోకి సిరంజితో ఎక్కించండి. వారం ఆరాక రంగు తప్పనిసరి, లేదంటే వానకు మందు కడుక్కుపోతుంది. కలిపిన గిన్నె వంటింట్లో వాడకండి. కొత్త పొడి రాలుతోందో లేదో తెలియాలంటే కింద తెల్లకాగితం అంటించి చూడండి.

మట్టి దారులు కూడా కనిపిస్తే మందు చెక్కకు కాదు, చట్రం గోడను తాకే చోట పడాలి. అక్కడ జానెడుకొక బెజ్జం ఏటవాలుగా వేసి, ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్.సి. అనే చెదల మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి నింపి మూసేయాలి. చేతి తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు.

ప్ర: తాడిపత్రి. ఇనుప కమ్మీలు దిగిన చోట చట్రం చీలుతోంది. ఎందుకు?

జ: తుప్పు. ఇనుము తుప్పుపడితే లావెక్కుతుంది, బెజ్జంలో చోటు లేక చెక్కను చీలుస్తుంది. కమ్మీ మొదళ్లను తీగబ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, రెడాక్సైడ్ రెండు పూతలు వేయండి. బెజ్జం చుట్టూ నీరు నిలవకుండా లప్పాన్ని చిన్న గుబ్బలా తీర్చండి. చీలిక అర అంగుళం దాటితే కమ్మీ తీయించి బాగుచేయాల్సిందే.

ప్ర: జమ్మలమడుగు. మా కిటికీల మీద అరవై ఏళ్ల రంగు పొరలున్నాయి. గీకి కొత్తగా వేయాలని ఉంది. కోడలు నిండు చూలాలు. ఏమైనా ప్రమాదమా?

జ: ప్రమాదమే. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ప్రతి పొరనూ సీసం ఉన్నట్టుగానే చూడాలి. సీసం గర్భంలోని బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది. కాన్పు అయ్యేదాకా ఈ పని ఎత్తుకోకండి. రంగు గట్టిగా అంటి ఉంటే దాని జోలికి పోకుండా వదిలేసినా నష్టం లేదు, నష్టమంతా పొడిలోనే.

తర్వాత చేయించేటప్పుడు కూడా తల్లీబిడ్డలు పుట్టింట్లోనే ఉండాలి. పొడిగా ఉప్పుకాగితం పట్టనివ్వకండి, మిషన్ అసలు వద్దు. బ్లోల్యాంపుతో కాల్చితే సీసం పొగై ఊపిరిలోకి పోతుంది. నీళ్లు చిలకరిస్తూ గీకాలి, లేదా రంగు తీసే జెల్ వాడాలి. గదిలోంచి పరుపులు, బట్టలు తీసేసి కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, రాలిన పెచ్చులతో సహా రోజూ చుట్టేయండి. నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. పనివాళ్ల బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. పెచ్చులు పెరట్లో పోయకండి, అక్కడే పిల్లలు ఆడతారు, కోళ్లు ఏరుకుంటాయి.